బామ్మర్దికి చెప్పి ఎత్తిన చేయి

మా వార్డు కార్పొరేటర్ సాబ్ పోయారు. ఆ వార్త ఇస్త్రీ బండి దగ్గర తెలిసింది. నా ఒక్కగానొక్క మంచి ప్యాంటు అప్పుడు బండి మీదే ఉంది. లుంగీతోనే పరిగెత్తాను. పెద్ద నాయకులు పోతే జెండాలు దించుతారు. మా నాయకుడికి దక్కిన రాజలాంఛనం ఆ లుంగీయే.

ఆయన మురుగు మోరీల లోతు గొడుగుతో కొలిచేవారు. వాన పడితే అదే గొడుగు ప్రేమగా మా నెత్తిన పట్టేవారు. మేం తడవడానికే ఇష్టపడేవాళ్ళం.

కల్తీ సరుకు అమ్మేవాళ్ళను జైలుకు పంపే చట్టాన్ని ఢిల్లీలో గట్టిపరుస్తున్నారనీ, దానికి మన కార్పొరేషన్ మద్దతు తీర్మానం చేస్తుందనీ తెలిసిన రోజు, గల్లీలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇంగ్లీషు కాగితాలు నా ముందు పెట్టారు.

"ఓ డిగ్రీ, గిది తెలుగుల చెప్పు."

గొంతు సవరించుకుని గ్రాంథికంలో మొదలుపెట్టాను.

"గట్ల గాదు. కూరగాయల బండి అవ్వకు చెప్పినట్టు చెప్పు."

చెప్పాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన బామ్మర్దికి బేగంబజార్‌లో కారప్పొడి దుకాణం. అందులో రంగు కలుస్తుందని గల్లీ అంతా ఎరుగుదుం. సాబ్ ఇంటావిడకున్నది ఆ ఒక్క తమ్ముడే.

"చెయ్యెత్తే ముంగట వానికి మొఖం మీద చెప్పాలె," అంటూ నన్ను స్కూటర్ ఎక్కించుకున్నారు.

దుకాణంలో కూర్చోను కూడా లేదు. "రేపు కల్తీ మీద తీర్మానానికి నేను చెయ్యెత్తుతున్న. రంగు కలుపుడు ఇయ్యాలనే బంద్ చెయ్యి."

"బజార్ల అందరు కలుపుతరు బావా. నీకు నేనే దొరికిన్నా?"

"అందరు నా బామ్మర్దులు గాదు గదరా."

"ఎత్తు మరి. మల్ల మీ గడప తొక్కితే అడుగు."

మర్నాడు గ్యాలరీలోంచి చూశాను. మేయర్ అడగ్గానే మొదట లేచింది మా సాబ్ చేయే. లెక్క పూర్తయి అందరూ దించినా ఆయన దించలేదు.

"అయిపోయింది సాబ్," అన్నాడు గుమాస్తా.

"తెల్సు. జర ఉండనీ."

బామ్మర్ది మాట మీద నిలబడ్డాడు. రాఖీకి కూడా రాలేదు. ఇంటావిడ నెలరోజులు చప్పటి కూరలు వడ్డించారు. "కారం ఒడిసింది. తెచ్చేటోడు రాడు గదా!" అనేవారు. "మస్తుంది," అంటూ సాబ్ మళ్ళీ వడ్డించుకునేవారు. నేను మాత్రం ఆ నెల భోజనం వేళకు అటు వెళ్ళలేదు. నా అభిమానానికీ ఒక హద్దుంది. కానీ ఎవరినైనా చాటున తిట్టబోతే ఇప్పటికీ ఆయన స్కూటర్ చప్పుడు చెవుల్లో పడుతుంది, నోరు ఆగిపోతుంది.

సాబ్ పోయాక, పెద్దదినం ముందు రోజు బామ్మర్ది వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటాడు. భుజాన ఎండుమిరపకాయల సంచి. నేరుగా వాకిట్లో రోటి ముందు కూర్చుని, అందరూ చూస్తుండగా దంచడం మొదలుపెట్టాడు. చుట్టాలు దగ్గుతూ పక్కకు జరిగారు. ఇంటావిడ లోపలికి వెళ్ళి జల్లెడ తెచ్చుకుని, తమ్ముడికి ఎదురుగా కూర్చున్నారు.