ఓనరమ్మ ఫ్రిజ్‌లో పాలసీసా

మా కిరాయి ఇంటి ఓనరమ్మ పోయింది. పొద్దున చాయ్ కలుపుకుని కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే పోయిందట. నాంపల్లిలో మా గల్లీ మొత్తం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మంచి మనిషి, శాంతమైన మనిషి అని అందరూ అంటున్నారు. శాంతం అన్న మాట అబద్ధం. ఆమెకు లోకంలో సగం అసహ్యం. చెప్పులతో మెట్లెక్కితే ఛీ. గ్లాసు నోటికి ఆనించి నీళ్లు తాగితే ఛీ. ఎవరైనా గుట్కా ఉమ్మితే ఆ మనిషి గల్లీ దాటేదాకా ఛీ. ఆమె ఛీ అనడం వల్లనే నా కొడుకు నా పాలు తాగాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను అబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో పని చేస్తాను. బాబు ఇంకా బోర్లా పడకముందే మళ్లీ పనికి రమ్మన్నారు. రాకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటామన్నారు. బాబును అత్తమ్మ దగ్గర వదిలి, చేత్తో నొక్కే పంపు ఒకటి సంచిలో పెట్టుకుని పోయేదాన్ని. మధ్యాహ్నం పాలు తీయడానికి అక్కడున్న చోటు బాత్రూం ఒక్కటే. గోడల మూలల్లో ఎర్రటి ఉమ్ములు. కాళ్ల కింద ఎప్పుడూ తడి. ఫినాయిల్ వాసన, దాని కింద ఫినాయిల్ కూడా దాచలేని వాసన. కూర్చునే వీలు లేదు, సంచి కింద పెట్టే వీలు లేదు. ఒంటికి పంపు ఆనించుకుని నిలబడగానే ఎవరో తలుపు కొట్టేవారు. "ఎంతసేపమ్మా?" అని మగ గొంతు వినపడితే వస్తున్న చుక్కలు కూడా ఆగిపోయేవి. సీసా అడుగు తడిసేది, అంతే.

పాలు తక్కువయ్యాయని తెలిసి అందరూ నాకు తినిపించడం మొదలుపెట్టారు. మెంతులు, వెల్లుల్లి, బొబ్బర్లు, మెడికల్ షాపులో కొన్న పొడి. చెమట కూడా మెంతుల వాసనే. నా ఒళ్లు నాకే వెగటు పుట్టింది. సీసా మాత్రం నిండలేదు.

"నీ ఒంట్ల పాలు లెవ్వు బిడ్డా. డబ్బా పాలు పడదాం," అన్నది అత్తమ్మ. ఆమె చెడ్డది కాదు, పిల్లవాడి ఏడుపు చూడలేక అన్నది. ఎదురు చెప్పడం నాకు రాదు. తల వంచుకున్నాను.

ఆ సాయంత్రం ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"ఏంది పిల్లా, ముఖం గట్ల పీక్కపోయింది?"

సగం మాటలు మింగుతూ చెప్పాను.

"ఎక్కడ కూసొని తీస్తున్నవ్?"

"దుకాణం బాత్రూంల అమ్మా. కూసోను, నిలబడి."

"ఛీ! గాడ నువ్వు అన్నం తింటవా?"

"లేదమ్మా."

"మరి బిడ్డ అన్నం గాడ తయారు చేస్తున్నవేంది? పాలు ఎట్లొస్తయ్? నేనైతే గాడ ఉమ్మను గూడ ఉమ్మను."

మరునాడు ఆమె దుకాణానికి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా కొంటున్న మనిషని మా సేటు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"సేటూ, నీ బాత్రూం చూసొచ్చిన. జర నువ్వు గూడ పోయి చూడు. గాడ నిలబడి ఈ పిల్ల బిడ్డకు పాలు తీస్తున్నది. ఇయ్యాల్టి సంది ట్రయల్ రూంల తీస్తది."

"కస్టమర్లు వస్తరు కదమ్మా, పరేషాన్ అయితది."

"వస్తే ఆగుతరు. పెండ్లిచీర కొననీకి పూటంత కూసుంటరు, జరసేపు ఆగలేరా?"

నేను చీరల కట్టల వెనక దాక్కున్నాను. సేటు సరే అన్నాడు కానీ ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆ వారమంతా మధ్యాహ్నం వచ్చి ట్రయల్ రూం తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవరైనా దగ్గరికొస్తే, "లోపల మనిషున్నది. అప్పటిదాంక రంగులు చూసుకో పో," అనేది.

ఒకసారి తలుపు సందులోంచి నన్ను చూసి మండిపడింది. "ఆటోల కూసొని మీటరు చూసినట్టు గా సీసానే చూస్తవేంది? కండ్లతోని గుంజితే వస్తయా?" సీసాకు బాబు సాక్సు తొడగమంది. దవాఖానాలో సిస్టరు చెప్పిన పనులు కూడా అక్కడే చేయగలిగాను. వేడి గుడ్డ పెట్టడం, మెల్లగా నిమరడం, ధార ఆగాక కూడా కాసేపు పంపు ఆడించడం. బాత్రూంలో నిలబడి ఇవన్నీ ఎవరు చేస్తారు? అట్లా రోజూ తీయగా తీయగా, ఒకనాడు సాక్సు లాగి చూస్తే పాలు సగం సీసా దాటాయి. నావేనా అని వాసన చూశాను.

మాకు ఫ్రిజ్ లేదు. ఆమె తన ఫ్రిజ్‌లో కోడిగుడ్డు పెట్టనివ్వదు, ఒకరు తిన్న గిన్నె పెట్టనివ్వదు. సీసా పట్టుకుని గడప బయటే నిలబడి, "మీకు ఎంగిలి అనిపిస్తదేమో అమ్మా," అన్నాను.

"బర్రెపాలు ఎంగిలి గాదా? దూడ మూతి పెట్టినంకనే గద పిండేది. గవి తాగుతం, దేవునికి గూడ పోస్తం. తల్లి పాలు జూస్తే ముఖం ముడుస్తరు, ఛీ!" అంటూ పెరుగు గిన్నె పక్కకు జరిపి అక్కడ పెట్టింది. రోజూ అత్తమ్మ అక్కడి నుంచే తెచ్చి బాబుకు పట్టేది.

ఆమె పోయిన పొద్దున నేను పనికి పోలేదు. ఏమైందో, నా పాలు కదల్లేదు. బాబు రొమ్ము లాగి లాగి ఏడ్చాడు. పంపు పెట్టినా చుక్క రాలేదు. ఇక ముందురోజు తీసిపెట్టినవే దిక్కు. కిందికి దిగేసరికి కాచిగూడ నుంచి వచ్చిన ఆమె కోడలు ఫ్రిజ్ ఖాళీ చేస్తోంది. చావు జరిగిన ఇంట్లో వండినవి, తోడుపెట్టినవి ఉంచకూడదట.

"అక్కా, గవి బాబు పాలు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"యాక్, మనిషి పాలా? పెరుగు పక్కన పెట్టిన్రా?" అని రెండు వేళ్లతో సీసా పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని, మురుగు పారే మోరీలో వంచేసింది. పాచి మీద తెల్లగా పాకుతూ పోయాయి. ఓనరమ్మ నోట ఎన్ని ఛీలు విన్నా నా ఒళ్లు ఎప్పుడూ ఇట్లా ముడుచుకుపోలేదు. ఆ మోరీ కంటే ఆ రెండు వేళ్లు నాకు అసహ్యంగా కనిపించాయి.

పాడె లేపే వేళ గల్లీ ముసలామె ఒకరు నన్ను కసిరింది. "పాలిచ్చే తల్లివి, శవం ముందల నిలబడకు. ఉన్న పాలు గూడ ఇగిరిపోతయ్. లోపలికి పో."

"పోను," అన్నాను.

ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా లేచింది. అప్పుడు నా గుండెల్లో జిల్లుమంది. రవిక ముందంతా తడిసిపోయింది. కోడలు చూసింది, మగవాళ్లు చూశారు. నేను కొంగు లాక్కోలేదు. అత్తమ్మ బాబును తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మెట్టు మీదే కూర్చున్నాను.

పాడె గల్లీ మలుపు తిరిగింది. డప్పుల చప్పుడు ఆటోల హారన్లలో కలిసిపోయింది. బాబు ఊపిరాడనంత గబగబా గుటకలు వేస్తున్నాడు. ఒకవైపు వాడు తాగుతుంటే రెండోవైపు దానంతటదే కారి, చీర మీద నుంచి మెట్టు మీదికి బొట్లు బొట్లుగా పడుతోంది.