గెలలు పంపినవాళ్ళు

మా వదినగారు అడ్డపొగ తాగేవారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం అన్నమాట. గాలికి ఆరదు, పని చేసుకునే చేతులకు అడ్డం రాదు అని ఆవిడ ఈడు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. ఆవిడ నా భర్తకు అక్క, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఉండేది రాజోలు దగ్గర. నేను అమలాపురంలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. 1998 మే నెల మొదటి మంగళవారం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. కొత్తావకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాను. అంగిలి మీద తెల్లటి మచ్చ, దాని మధ్య పుండు.

అమలాపురం డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, క్యాన్సరేనని తేల్చి, పట్నంలో పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడి కుర్ర డాక్టరు ఓపిగ్గానే మాట్లాడాడు. ఆపరేషను చేస్తే అంగిలి సగం తీసెయ్యాలి. ఆ తర్వాత అక్కడ కట్టుడుపళ్ళ లాంటి ప్లేటు పెట్టుకోకపోతే తిన్నది ముక్కులోకి వస్తుంది. ఇంత చేసినా బతికి బట్టకట్టేవాళ్ళు తక్కువ, అందుకని ఆపరేషను లేకుండా కరెంటు, అంటే రేడియేషను, పెట్టించడమే నయం అన్నాడు. తక్కువంటే ఎంత అని అడిగాను. అతను లోపలికి వెళ్ళి ఒక వ్యాసం జెరాక్సు కాపీ తెచ్చి ఇచ్చాడు. ఆ ఆసుపత్రి పెద్ద సర్జనుగారే మన వైపు ఆడవాళ్ళ మీద రాసిందట. ఆ తర్వాత ఈ జబ్బు గురించి ఎవరు రాసినా దాన్నే ఉదహరిస్తున్నారట, విదేశాల వాళ్ళు కూడా. పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నాడు.

ఆ పది రోజులూ నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ వ్యాసం చదివాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి మళ్ళీ చదివాను. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆపరేషను తర్వాత చెకప్‌కు రానివాళ్ళను చనిపోయినవాళ్ళ కింద లెక్కవేశారట. అలా రానివాళ్ళు సగానికి పైనే ఉన్నారు. పరీక్షకు రాని పిల్లకు నేనూ సున్నా వేసేదాన్ని. కానీ ఎందుకు రాలేదో ఇంటికి కబురుపెట్టి కనుక్కునేదాన్ని. అయితే వీళ్ళు నిజంగానే పోయారేమో, నాకేం తెలుసు? ఆ సందేహంతోనే మళ్ళీ రాజోలు బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి చర్చి పక్కింటావిడ వదినగారిని చూడ్డానికి వచ్చి ఉంది. మాట కాస్త ముక్కుతో వస్తోంది. ఏడేళ్ళ కిందట ఆ సర్జనుగారే తనకీ ఇదే ఆపరేషను చేశారని చెప్పి, ప్లేటు తీసి చూపించింది. చెకప్‌కు వెళుతున్నారా అని అడిగాను.

"ఒళ్ళు బాగున్నాక ఎందుకండీ? రోగుల మధ్యన కూర్చుని ఆయన టైము పాడుచెయ్యడం కాపోతే. ఏటా ఓ చక్రకేళీ గెల పంపుతానండి. రావులపాలెం మార్కెట్టు లారీలు అటే వెళ్తాయి గదా."

"ఎవరు పంపేరో ఆయనకి తెలుస్తుందా?"

"తెలీకపోతే ఏంటండీ, తింటారు గదా."

అప్పట్లో తన పక్క మంచాల మీద ఉన్నవాళ్ళ సంగతి అడిగాను. ముమ్మిడివరం ఆవిడ కులాసాగా ఉందట, ఆవిడా గెలే పంపుతుందట. అంతర్వేది ఆవిడకు అరటితోట లేదు కాబట్టి ఎండురొయ్యలు పంపుతుందట. మరి చెకప్‌కు వెళ్ళేది ఎవరని అడిగాను.

"గడ్డ మళ్ళీ లేచినోళ్ళండి," అంది.

వదినగారు నా మొహం చూసి, "పంతులమ్మా, కాపీ కొట్టేవాళ్ళని పట్టుకున్నట్టు చూస్తావేంటే," అన్నారు.

గడువు రోజున ఇద్దరం పట్నం వెళ్ళాం. కుర్ర డాక్టరును బతిమాలి పెద్ద సర్జనుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన హైదరాబాదు వైపు మనిషి, జుట్టు నెరిసింది. చెప్పవలసింది నిలబడే చెప్పాను. చివరికి గెలల సంగతి ఎత్తాను.

"వస్తాయమ్మా. చనిపోయినవాళ్ళ ఇళ్ళ నుంచి పంపుతున్నారనుకున్నాను," అన్నారు.

అల్మారాలో తన వ్యాసాలున్న ఫైలు చూపించారు. ఎన్నో రాశారు, పట్టించుకున్నవాళ్ళు లేరు. పదిమందీ ఉదహరించింది ఆ ఒక్కదాన్నేనట. అది ముందు పెట్టుకుని తను కూడా ఆపరేషన్లు తగ్గించేశానని, ఫైలు మూసేటప్పుడు మెల్లిగా అన్నారు. బతికున్నవాళ్ళు ఎంతమందో ఇప్పటికిప్పుడు చెప్పలేననీ, వ్యాసంలో రాసినదానికంటే ఎక్కువేనని మాత్రం అనిపిస్తోందనీ అన్నారు.

నేను లెక్క వెయ్యబోయాను. వదినగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"మా చర్చి పక్కింటావిడ రొయ్యల వేపుడు నములుతుందండి. నాకూ అలాగే చెయ్యండి," అన్నారు.

చేశారు. ఆ తర్వాత వదినగారి మాట కూడా ముక్కుతోనే వచ్చేది. పెళ్ళిళ్ళలో ఎవరైనా తేరిపార చూస్తే, కావాలని గట్టిగా మాట్లాడేవారు. చుట్ట మానడానికి మాత్రం నన్ను ఏడిపించుకు తిన్నారు.

సర్జనుగారు మార్కెట్టు లారీల వాళ్ళతో కబురుపెట్టారు, గెలలొద్దు, మనుషులు రావాలని. జనం రెండు మూడు జట్లుగా వెళ్ళారు. ఆయన లెక్క సరిచేసి ఇంకో వ్యాసం రాశారు. కొన్నేళ్ళ తర్వాత ఆ కుర్ర డాక్టరు కనిపిస్తే దాని సంగతి అడిగాను. పాతదాన్నే ఇంకా ఉదహరిస్తున్నారనీ, కొత్తది ఎవరి కంటా పడలేదనీ చెప్పాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుదురుండదు. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఎవరికో ఆ పాత పట్టిక చూపించి ఆపరేషను వద్దంటూ ఉంటారు.

అయిదో ఏడు చెకప్ రోజున వదినగారు మొరాయించారు. నొప్పి లేదు, వాపు లేదు, ఈసారికి గెల పంపేద్దాం అన్నారు. నేను వినలేదు. గెల కూడా పట్టుకునే బస్సెక్కాం. దాన్ని కింద పెడితే కాయలు నలుగుతాయని దారంతా ఆవిడ ఒళ్ళోనే పెట్టుకున్నారు. సర్జనుగారు టార్చి వేసి నోరు చూసి, బాగుందని తలూపి, గెల అందుకున్నారు.

వదినగారు కుర్చీలోంచి లేవలేదు.

"నేనొచ్చినట్టు రాసేరాండీ?" అని అడిగారు.

ఆయన గెల బల్ల మీద పెట్టి, కార్డు ముందుకు లాక్కుని, ఆవిడ చూస్తుండగా రాశారు.