మంచం పట్టె మీద ఫ్రెంచి క్రియలు

హిందీ ప్రాంతమైన మోవాలో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు ఫ్రెంచి ట్యూషన్ చెప్పేదాన్ని. పిల్లలంతా హిందీవాళ్లు. మార్కులు బాగా పడతాయని తీసుకున్నవాళ్లే తప్ప ఆ భాష మీద ప్రేమతో కాదు. వాళ్లకు క్రియారూపాలు నోరు తిరగడానికి నాకొక్కటే దారి కనిపించింది: మాటను విడగొట్టి, ముక్కకో దెబ్బ చొప్పున బల్ల మీద కొట్టించడం. ‘ను ఫి-ని-సోఁ’, మేం ముగిస్తాం. ‘వు ఫి-ని-సే’, మీరు ముగిస్తారు. మొదలు కదలదు, తోక మనిషిని బట్టి మారుతుంది, మన వస్తాను, వస్తావు లాగే. ‘వాళ్లు ముగిస్తారు’ అన్నదైతే కాగితం మీద బారెడుంటుంది, నోట్లో ‘ఫి-నిస్’, రెండే దెబ్బలు. మిగతా అక్షరాలు జీతం తీసుకుని పనిచేయని బాపతు.

పక్కగదిలో నాన్న పడుకుని ఉండేవాడు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. ఆ ఉద్యోగంలో ఫోనులో చెప్పిన మాట అవతలివాళ్లు తిరిగి చెబితేనే చెప్పినట్టు. ఇంట్లోనూ అదే పద్ధతి, బజారుకు పంపేముందు మాచేత సరుకుల పేర్లు తిరిగి చెప్పించేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. రోజూ పలికిస్తే మాట రావచ్చు అన్నాడు డాక్టరు. నేను ‘నీళ్లు’ అనమంటే ఒకసారి ప్రయత్నించాడు. వంకరగా వచ్చిన ఆ మాట తన చెవిన పడగానే గోడవైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత నోరు తెరవలేదు. ఉన్న కాస్త గొంతూ ఇలాగే పోతుందని నాకు ఒకటే భయం.

ఒక సాయంత్రం పిల్లలు బల్ల కొడుతుంటే పక్కగదిలోంచి మరో చప్పుడు వినిపించింది. నాన్న ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతున్నాడు. వెంట గొంతు కూడా: ‘ఫి... ని...’ నేను లేవలేదు. వెళితే మానేస్తాడని తెలుసు. పాఠం అయిపోయినా ఆ క్రియనే మళ్లీ మళ్లీ చెప్పించాను. పిల్లలు విసుక్కున్నారు. విసుక్కోనీ.

తెలుగులో తడబడితే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఫ్రెంచిలో ఆ బెంగ లేదు, అందులో అందరం తడబడేవాళ్లమే. వానలు తగ్గేసరికి పిల్లలతో సమానంగా పలికేవాడు. తెలుగు మాత్రం ఒక్క ముక్క లేదు.

“మాతో మాటాడ్డానికి నోరు రాదు గానీ, ఈ ఫిరంగీ భాష వస్తాదేటి?” అని అమ్మ ఉడుక్కునేది.

తర్వాత ఒక మధ్యాహ్నం పట్టె మీద రెండు దెబ్బలు. ‘అన్-నం.’

నేను వంటింట్లోకి పరుగెత్తాను. వెనకాల పట్టె దడదడమంది. కంచం తెచ్చి ముందు పెడితే ఎడమచేత్తో పక్కకు నెట్టేశాడు. ఇంకేం కావాలో నాకు తోచలేదు, ఏడుపొచ్చింది. అమ్మకు తోచింది.

“నాన్న సెప్పింది ముందు తిరిగి సెప్పవే,” అంది. “లేపోతే ఆయనకి పక్కా అవదు.”

నేను మంచం పక్కన కూర్చుని పట్టె మీద రెండు దెబ్బలు కొట్టి, “అన్-నం” అన్నాను.

నాన్న తలూపి, కంచం దగ్గరకు లాక్కున్నాడు.