పదకొండో రోజు మార్చిన నీళ్లు

ఆరేళ్లుగా ఒక నోటుబుక్కును బీరువాలో బట్టల అడుగున దాచి ఉంచాను. అందులో ఒకే ఒక్క పేజీ నన్ను నిలవనీయదు. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. మీకు చెప్పాలని కూర్చున్నాను.

నాది ఉద్యానం డిప్లొమా. ఉండేది మార్కాపురం. ఒక వారపత్రికకు మొక్కల పేజీ రాస్తాను. పేజీ పైన ప్రతి వారం ఒక వాక్యం అచ్చవుతుంది: "మా మిద్దె మీద పెంచి చూడనిది మీకు చెప్పను." ఆ వాక్యం నాదే. మట్టి, కుండీ కొలత, నీళ్లు, ఎండ, పురుగు, అన్నీ తేదీలతో సహా రాసుకునేవాణ్ని. అందుకే జనం నమ్మారు.

ఆరేళ్ల కిందట ఒక అంటు గులాబీ తెచ్చాను. చిన్న ఎర్ర పూలు, గుత్తులుగా, దండకు బాగా పనికొస్తాయి. బోరు నీళ్లతో మొదలుపెట్టాను. మా వైపు ఆ నీళ్లు బకెట్లో ఎండితే అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తాగడానికి క్యాను నీళ్లు కొంటాం. నోటుబుక్కులో ఉన్నది ఇదీ: "పదకొండో రోజు. ఆకుల అంచులు మాడాయి. క్యాను నీళ్లకు మార్చాను." మొక్క తేరుకుంది. పూసింది. ఫొటో చాలా బాగా వచ్చింది.

పత్రికలో ఏం రాశాను? "బోరు నీళ్లతో రెండు ఎండాకాలాలు పెంచాను. తట్టుకుంటుంది."

ఎందుకు? పేజీ పంపే రోజు దగ్గరపడిందనా? ఫొటో వదులుకోలేకా? జనం తాగడానికి కొనుక్కునే నీళ్లను వీడు గులాబీకి పోశాడని మా వీధిలో నవ్వుతారని భయపడ్డాననుకుంటాను. అదీ సాకేనేమో.

పెద్దమ్మ అంటాను, పేరు రాయను. మా అమ్మకు దూరపు చుట్టం, త్రిపురాంతకం పక్క పల్లె. ఇంటి వెనక కనకాంబరాల మడి. గింజ ఆమె పుట్టింటిది. కాయలు వానకు చిట్లి, రాలి, వాటంతటవే మొలిచేవి కాబట్టి ఎప్పుడూ గింజ తీసి దాచలేదు. ఊళ్లో ఎవరు పాదు పెట్టినా మొదటి గింజ ఆమె చేతే వేయించేవారు. ఆమెది మంచి చెయ్యి అని పేరు.

పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మడి పీకేసి ఇయ్యే పెడదామనుకుంటుండా. మా బోరు నీళ్లకు పప్పు కూడా ఉడకదు నాయనా. అట్లాంటి నీళ్లతోనే పెంచినావా?"

"పెంచినా పెద్దమ్మా. రాసినా కదా."

"నువ్వు రాస్తే ఇంకేంది! చదువుకున్నోడివి, మా మాదిరి గాలిమాటలు చెప్తావా?"

నవ్వుతూ వెళ్లింది. బస్సు ఎక్కేదాకా నిజం చెప్పడానికి నాకు సమయం ఉంది.

కనకాంబరాలు పీకి, మట్టి మార్చి ఆమె పెట్టిన గులాబీలన్నీ ఎండలు ముదరకముందే అంచుల నుంచి మాడిపోయాయి. మళ్లీ వచ్చింది. అప్పుడు నేనన్న మాట అబద్ధం కన్నా నీచమైనది: "ఎరువు ఎక్కువేసినావేమో."

చేతుల వంక చూసుకుంది. "ఏసింటా. నా చెయ్యి పోయినట్టుంది నాయనా."

నాలుగు నర్సరీలు తిరిగాను. ఆమె మడిలో ఉన్న రంగు కనకాంబరం దొరకలేదు. ఆమె పుట్టింట్లో మడి ఉన్నచోట ఇప్పుడు గది కట్టారు. మొన్న మా అమ్మ మిద్దె మీద కాకర పెడుతూ, ఇంటికి వచ్చిన పెద్దమ్మను మొదటి గింజ వేయమంది. "నాతో వద్దులేమ్మా, మొలవదు" అని పెద్దమ్మ చేతులు కొంగులో దాచుకుంది. నేను పక్కనే నీళ్ల క్యాను దించుతున్నాను.

ఈ వారం పేజీకి ఇదే పంపుతున్నాను, ఆమె పేరు లేకుండా. పైనున్న వాక్యం తీసేయమన్నాను. ఆమె ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి పోల్చుకుంటుంది. క్షమించమని అడగను. ఏ ముఖంతో అడగను?

బోరు నీళ్లకు ఆ మొక్క బతకదు. పదకొండో రోజే నాకు తెలుసు.

నీ చెయ్యి మంచిదే, పెద్దమ్మా.