పిల్లతో పాటు వచ్చే రాజ్యం

మా అమ్మ పోయిన ఏడాదే మా అయ్య నన్ను మలక్కాలో కన్యాస్త్రీల మఠంలో చేర్చాడు. అప్పటిదాకా నేను సుంగై సుమున్ దగ్గరి మా కొబ్బరితోట దాటి ఎరగను. తోటకు ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది, మిగతా అంతా మడ అడవి. తెల్లదొర కింద మా అయ్య అక్కడ కంగాణీ. కూలీలను ఇండియాలోని మన ఊళ్ల నుంచి రప్పించేది, పనికి పంపేది, సెలవు ఇచ్చేది, లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, పెళ్లి కుదిరితే సరేననేది అంతా ఆయనే. ఆయన మాట లేకుండా ఎవరూ పడవ ఎక్కలేరు. ఆయనకు ముందు మా తాత కంగాణీ. నాకు ఇద్దరు తమ్ముళ్లు పుట్టి, ఇద్దరూ పసితనంలోనే జ్వరంతో పోయారు. మిగిలింది నేనొక్కదాన్ని.

మఠంలో లేసు నేర్పే మదర్ ఇటలీ ఆవిడ. పడుచుతనంలో ఓడెక్కి వచ్చింది, మళ్లీ తన ఊరు చూడలేదు. కన్యాస్త్రీలుగా చేరినవాళ్లు తిరిగి వెళ్లే పద్ధతి లేదు. దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కండెలు అటూ ఇటూ వేస్తూ, సగం ఇంగ్లీషులో సగం మలాయిలో తన దేశం సంగతులు చెప్పేది. ఆవిడది మోన్‌ఫెరాటో. ద్రాక్షతోటల గుట్టల మధ్య ఒకప్పుడు అది చిన్న విడి రాజ్యమట.

ఆ రాజ్యం ఎలా పుట్టిందో ఆవిడ చెప్పిన కథ ఇది. ఒక చక్రవర్తి కూతురు, ఆయన కొలువులోని కుర్రవాడితో లేచిపోయింది. ఇద్దరూ గుట్టల్లో దాక్కుని బొగ్గులు కాల్చుకుని బతికారు. చాన్నాళ్లకు తండ్రి కోపం తగ్గింది. అల్లుణ్ణి పిలిచి, మూడు రోజుల్లో గుర్రం మీద ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే అన్నాడు. దారిలో గుర్రం నాడా ఊడిపోతే, చేతికి దొరికిన ఇటుకనే సుత్తిగా చేసుకుని కొత్త నాడా బిగించుకుని ఆగకుండా పోయాడట.

నేను నవ్వాను. మా తాత సంగతీ అలాంటిదే. ఎంత అడవి కొట్టించి కొబ్బరి వేయిస్తే అంత తోటలోని మనుషుల మీద నీదే పెత్తనం అని పాతదొర చెప్పాడట. తాత మనుషుల్ని నడుంలోతు బురదలో దింపి అడవి కొట్టించాడు. అందులో ఎందరు పోయారో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు. ఆ మాట మదర్‌తో అంటే, "మా వాళ్లూ చెప్పుకోరు" అంది.

ఆ బొగ్గుల కుర్రవాడి వంశం చాలా తరాలు ఏలింది. చివరివాడికి పిల్లలు లేరు. అతని తోబుట్టువును ఎప్పుడో సముద్రం అవతల గ్రీకు చక్రవర్తికి ఇచ్చారు. ఆమె కొడుకు ఓడ దిగి వచ్చి మేనమామ రాజ్యం తీసుకున్నాడు. ఆ భాష రాదు, ఆ చలి అలవాటు లేదు, అయినా అతని పిల్లలు, వాళ్ల పిల్లలు రెండు వందల ఏళ్లకు పైగా ఏలారు. నాకు ఆ కథలు ఇష్టంగా ఉండేవి. రాజులంటే దూరపు సంగతి కదా అనుకునేదాన్ని.

నాకు పదహారు దాటాక ఒక పొద్దున మా అయ్య మఠానికి వచ్చాడు. కోటు తొడుక్కుని, సందర్శకుల గదిలో బెంచీ అంచున కూర్చున్నాడు.

"మీ మేనత్త కొడుకు వచ్చినాడమ్మీ. ఓడ దిగి నెలయింది. దొర సూసినాడు. బాగున్నాడు అన్నాడు."

"నాను ఇంకా సదువుకుంటానయ్యా."

"సదివి ఏటి సేస్తావు? నాను పోతే తోట పరాయోడి సేతిలోకి పోతాది. నిన్ను సేసుకున్నోడికే కంగాణీ పని అని దొర సెప్పేసినాడు. ఇంక మాటల్లేవు."

గొంతు పెంచలేదు. మా అయ్య లైన్లలోనూ ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, అవసరం ఉండేది కాదు.

లోపలికి పరిగెత్తి మదర్‌ను పట్టుకున్నాను. నన్ను మీలో చేర్చుకోండి, కన్యాస్త్రీగా ఉండిపోతాను అన్నాను. తండ్రి ఒప్పుకోకపోతే చేర్చుకోకూడదని ఆవిడ అంది. కండెలు పక్కన పెట్టింది. తర్వాత, గ్రీకు వంశం ఎలా ముగిసిందో చెప్పింది. అదివరకు ఆ భాగం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక తమ్ముడు. పక్క రాజ్యం మాంటువా యువరాజుకు అక్కను నిశ్చయించారు. అతను ఆమెను వద్దనుకున్నాడు. ఈలోగా తమ్ముడు గుర్రం మీంచి పడి పోయాడు. రాజ్యం ఆడపిల్లల వెంట వస్తుందని తెలిసి అతను మళ్లీ అక్కనే అడిగాడు. ఆ అక్క కూడా చనిపోయింది. అప్పుడు చెల్లెల్ని అడిగి చేసుకున్నాడు. ఆమెతో పాటు కోటలు, ద్రాక్షతోటలు, మనుషులు, అంతా మూడో వంశం చేతిలోకి పోయింది.

"ఆ చెల్లెల్ని ఎవరైనా అడిగారా, మదర్?"

"అడిగినట్టు నేనెక్కడా వినలేదు."

ఊరడింపు మాట ఒక్కటైనా అంటుందని ఎదురుచూశాను. ఆవిడ నా జడ విప్పి, నెమ్మదిగా మళ్లీ గట్టిగా అల్లింది. ఆ మధ్యాహ్నమే అయ్యతో స్టీమరెక్కాను.

పెళ్లయిన వారానికి, అతనూ నేనూ మొదటిసారి సరిగా మాట్లాడుకున్నాం. కాలువ గట్టు మీద నిలబడి అతను బురదను చూస్తున్నాడు. ఆటుపోటుకు ఎండ్రకాయలు బొరియల్లోంచి వస్తున్నాయి.

"నీకిక్కడ ఉండాలని ఉందా బావా?" అన్నాను.

"నాకేటి తెల్సు? అమ్మ పంపినాది, వచ్చినాను. అక్కడ తమ్ముళ్లకి నేల సరిపోదు." "నీకు?" అన్నాడు.

నన్ను ఆ మాట అడిగింది అతనొక్కడే. లేదు అన్నాను. అతను తలూపాడు. అంతకు మించి ఇద్దరం చేయగలిగింది లేదు.

రెండేళ్లలో మా అయ్య పోయాడు. బావ కంగాణీ అయ్యాడు. మొదట్లో సెలవడిగిన వాళ్లకు ఇచ్చేవాడు. మనుషులు తగ్గితే దొర తిట్టాడు. తర్వాత ఇవ్వడం మానేశాడు. అయ్యలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. లైన్లలో ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవారు. ఒకామె తల్లి చావుబతుకుల్లో ఉందని ఇండియా నుంచి కబురొస్తే, సెలవిప్పించమని నా కాళ్లు పట్టుకుంది. బావను బతిమాలాను. కుదరదన్నాడు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు, నేనూ తినలేదు. ఆమె తర్వాత నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత కొబ్బరి ధర పడిపోయింది. తోటను పెద్ద కంపెనీ కొన్నది. కొత్త దొర వచ్చి, ఇకమీదట కూలీలతో ఆఫీసే నేరుగా మాట్లాడుతుంది, కంగాణీ పని లేదు అన్నాడు. సగం మందిని ఓడెక్కించి ఇండియా పంపిస్తామన్నారు. మూడు తరాల పెత్తనం ఒక పొద్దున మాటతో పోయింది. ఎవరూ అడ్డుపడలేదు, ఏడవలేదు.

పడవలు కట్టిన రోజు జనం మూటలతో రేవుకు పోతుంటే బావ గుమ్మంలో నిలబడ్డాడు. ఒక ముసలాయన అలవాటు కొద్దీ ఆగి, "ఎల్లొస్తాం బాబూ, ఎల్లమంటావా?" అని అడిగాడు. బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఎల్లండి తాతా" అని నేనే అన్నాను.

"మనమూ ఎల్లిపోదాం" అన్నాను ఆ సాయంత్రం.

"ఎక్కడికి?" అన్నాడు. "ఆలంతా మన ఊళ్లోల్లే. అక్కడ నా మొకం ఎవులికి సూపించేది?"

నిజమే. మేం ఆపిన వాళ్లందరికీ దారి దొరికింది, మాకే లేదు. కొత్త దొర జాలిపడి ఇల్లు ఉంచుకోనిచ్చాడు, బావకు కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పని ఇచ్చాడు. ఆ ఇంట్లోనే చాలా ఏళ్లు ఉన్నాం. అక్కడే పుట్టిన మా పిల్ల నడక నేర్చుకున్నది ఆ ఖాళీ అయిన లైన్ల ముందే. ఒక్కో తలుపూ తోసి లోపలికి తొంగి చూస్తూ, ఎవరూ లేకపోతే పక్క తలుపు దగ్గరికి పోయేది.