గేజు పుల్ల

ఆ వీధిలో అందరూ అతన్ని గేజు మేస్త్రి అనేవాళ్లు. ఏ కారు వచ్చినా, యజమాని నోరు తెరవకముందే బానెట్ ఎత్తి, ఇంజన్‌లో నూనె కొలిచే గేజు పుల్లను బయటికి లాగేవాడు. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకి పట్టుకుని చూసేవాడు. "ముందు చూపు, తర్వాతే స్పానరు" అనేవాడు. డాక్టరు నాలుక చూపించమన్నట్టు ఈయన గేజు చూపించమంటాడని తోటి మెకానిక్కులు ఆటపట్టించేవాళ్లు.

అతనూ, అతని అన్నా ఒకే షెడ్డులో పనిచేసే రోజుల్లో అన్నకి అంత ఓపిక ఉండేది కాదు. పదకొండేళ్ల కిందట, చాలాకాలంగా మూలపడి ఉన్న ఒక కారుని నూనె చూడకుండానే స్టార్ట్ చేశాడు. అరనిమిషం తిరిగిందో లేదో, ఇనుము ఇనుముని కొరికిన చప్పుడుతో ఇంజన్ బిగుసుకుపోయింది. కారు యజమాని ముందే తమ్ముడు అరిచాడు.

"నూనె చూడనివాడు కూడా ఒక మేస్త్రేనా!"

అన్న గుడ్డతో చేతులు తుడుచుకుని, దాన్ని మేకుకి తగిలించి బయటికి నడిచాడు. ఆ గుడ్డ చాన్నాళ్లు అలాగే వేలాడింది. తమ్ముడు వెళ్లి ఒక్క మాట అంటే పోయేదే. కానీ పంతం పంతమే. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే అన్న కన్నుమూశాడు.

నెల తిరగకముందే వదిన కబురు పెట్టింది. ఇల్లు ఖాళీ చేయాలి. వెనక రేకుల గదిలో అన్న ముచ్చటపడి కొనుక్కున్న పాత కారు ఉంది. గొడవైన నాటినుంచి చెక్కదిమ్మెల మీదే, కదలకుండా. సోమవారంలోగా ఇంజన్ పలికితే గేజు మేస్త్రి దాన్ని తన షెడ్డుకి తీసుకెళ్లొచ్చు. లేదంటే పాత ఇనుము కొనేవాడు వచ్చి ముక్కలు చేసుకుపోతాడు.

శనివారం పొద్దున్నే వెళ్లాడు. దుప్పటి కప్పుకున్న కారు ఒత్తిగిలి పడుకున్న మనిషిలా ఉంది. దుప్పటి లాగి పక్కన పడేశాడు. బాధకంటే ముందు కోపమే వచ్చింది. 'పదకొండేళ్లు! నూనె తారై ఉంటుంది. అన్న పని ఎప్పుడూ ఇంతేగా' అనుకున్నాడు. గేజు పుల్ల జోలికే పోలేదు. షెడ్డు నుంచి తెచ్చిన రేకు తొట్టిలో అడుగున నల్లటి వాడేసిన నూనె ఉంది. నల్లదాంట్లో నల్లది కలిస్తే ఏమవుతుందిలే అని, దాన్ని అలాగే కారు కిందకి తోసి, తనూ దూరి, పాత నూనె దించేయడానికి ఇంజన్ అడుగున ఉన్న బోల్టు విప్పాడు.

పైకప్పు రేకుకి ఒక చిల్లు ఉంది. అందులోంచి దిగిన ఎండ, బోల్టు రంధ్రంలోంచి దిగిన నూనె ఒకే రంగులో ఉన్నాయి. తోమిన ఇత్తడి రంగు. మేస్త్రి అరచెయ్యి పట్టాడు. మడ్డి లేదు, నలుసు లేదు. బొటనవేలితో రంధ్రం మూసేసరికి అంతా తొట్టిలోకి పోయింది. నలుపు మీద బంగారం ఒక్క క్షణం తేలింది. తర్వాత అదీ నలుపే.

"ఏమైంది మరిదీ? లోపలే నిద్రపోయావా?" టీ గ్లాసుతో వచ్చింది వదిన.

"వదినా... ఈ నూనె ఎవరు మార్చారు?"

"ఇంకెవరు, మీ అన్నే! ఏడాదికోసారి. నాకు తలనూనె తెమ్మంటే మర్చిపోయేవాడు గానీ, దీని నూనె ఒక్కసారీ మరవలేదు. చేత్తో ఇంజన్ తిప్పేవాడు. స్టార్ట్ మాత్రం చేసేవాడు కాదు." గ్లాసు కింద పెట్టి చీర చెంగు సర్దుకుంది. "'తమ్ముడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడే, రాగానే గేజు లాగుతాడు, ఈసారి నన్ను తిట్టడానికి వాడికేం దొరకకూడదు' అనేవాడు. మొన్న ఆసుపత్రికి వెళ్లే ముందు కూడా మార్చాడు. చేతులు వణుకుతుంటే డబ్బా నేనే పట్టుకున్నా." ఆగి అడిగింది. "చూశావా? బాగుందా?"

"బాగుంది వదినా" అన్నాడు, కారు కిందినుంచే. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత పనంతా చేతులే చేశాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో నాలుగు చుక్కలు వేశాడు. బోల్టు బిగించి కొత్త నూనె, పెట్రోలు పోసి, షెడ్డు నుంచి తెచ్చిన బ్యాటరీ తగిలించాడు. ప్లగ్గులు లేకుండానే, నూనె అంతటా అందిందని చెప్పే ఎర్రదీపం ఆరేదాకా ఇంజన్ తిప్పాడు. ప్లగ్గులు బిగించి తాళం తిప్పాడు. రెండోసారికి ఇంజన్ పలికింది. ఎక్కడా గరగర లేదు. నీళ్లు మరిగే చప్పుడంత మెత్తగా తిరుగుతోంది. వదిన గుమ్మానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

కారు దక్కింది.

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, మేస్త్రి గేజు పుల్ల లాగాడు. తుడిచి, ముంచి, ఎండకి పట్టాడు. నూనె శుభ్రంగా ఉంది. అది ఇందాక అతను పోసిందే.