ఒకటే రకం

మా అత్తగారు నన్ను మొదటిసారి చూసినప్పుడు నా ముఖం చూడలేదు. నా భుజం మీదున్న దారప్పోగును రెండు వేళ్ళతో తీసి, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో పట్టి చూసింది. "ఇది నీ బట్టలది కాదమ్మా" అంది. కాదు, బస్సులో నా పక్కన కూర్చున్నావిడ శాలువాది. అయితే మాత్రం, మీ అబ్బాయిని చేసుకుంటానని చెప్పడానికి వచ్చిన పిల్లతో అనాల్సిన మొదటి మాట అదేనా?

ఆవిడ ఉద్యోగం ప్రభుత్వ ప్రయోగశాలలో. దొంగ దూకేటప్పుడు కిటికీ ఊచకు చిక్కిన నూలు, ఎవరి కారు సీటుకో అంటిన ఉన్ని, అలాంటి కంటికి ఆనని పోగులు కాగితం పొట్లాల్లో ఆవిడ బల్ల మీదకు వస్తాయి. ఏ బట్టవి కావచ్చో, ఏ బట్టవి కావో ఆవిడ చెప్పాలి. తన పోగు సాక్ష్యంలో కలవకూడదని పనికి తెల్ల నూలు బట్టలే వేసుకుంటుంది. మా గుమ్మం పక్కన గొడుగులు ఉండాల్సిన చోట అంటుకునే టేపు చుట్ట ఉంటుంది. బయల్దేరే ముందు బట్టల మీది పోగులు దానికి అంటుకుని వచ్చేలా ఒళ్ళంతా అద్దుకుని వెళ్తుంది.

ఇంట్లో ఒక మాట మీద నిషేధం: 'ఒకటే'. ఒకటే వాన, ఒకటే గోల అనుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. రెండు వస్తువులు పట్టుకుని 'రెండూ ఒకటే' అన్నామా, అయిపోయినట్టే. "ఒకటే రకం అను" అంటుంది. వాళ్ళ నాన్న అద్దకం పని చేసేవాడు, మోచేతుల దాకా రంగే. అదే పొడి, అదే కొలత, అదే పొయ్యి. అయినా నిన్నటి తొట్టిలో వచ్చిన నీలం ఇవాళ్టి తొట్టిలో వచ్చేది కాదు. రంగు కలవలేదని కొట్టువాడు బట్ట తానును మొహాన కొడితే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేవాడట. చిన్నప్పుడు ఈవిడ గౌన్లన్నీ అలా తిరిగొచ్చిన తానుల్లోవే.

పెళ్ళయిన కొత్తలో సరదాగా అడిగాను, "నేనూ మీ అమ్మాయీ మీకు ఒకటే కదా అత్తయ్యా?" అని. ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అదీ నా మంట. తర్వాత "ఒకటే రకం" అంది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఇప్పటికీ నవ్వు రాలేదు.

ఇంత జాగ్రత్త మనిషీ ఆ మాట దగ్గరే దెబ్బతింది. మార్కెట్ మలుపులో ఏదో బండి ఒక ముసలావిడను గుద్ది ఆగకుండా పోయింది. ఆవిడ ప్రాణంతో బయటపడింది గానీ ఏ బండో చూడలేదు. ఆ దారిన రోజూ తిరిగే ఒక సరుకుల వ్యాను బంపరుకు ఆకుపచ్చ పోగులు దొరికాయి. ముసలావిడ కప్పుకున్నది ఆకుపచ్చ శాలువా. మా అత్తగారు రెంటినీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తుండగా ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు.

"ఏంటి మేడమ్, ఒకటేనా?"

"ఒకటే రకంలా ఉన్నాయి. ఇంకా రంగు విడదీసి చూడాలి."

మహానుభావుడు 'ఒకటే' దాకా విని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి వ్యాను డ్రైవరు లోపలున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు మా అత్తగారు భోజనం సగంలోనే చెయ్యి కడుక్కుని లేచింది. "పని పూర్తయ్యేదాకా నేను నోరు తెరవకుండా ఉండాల్సింది" అంది.

రెండ్రోజులకు డ్రైవరు భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే ఏడుపు.

"అమ్మా, మా ఆయన చీమకు కూడా హాని చెయ్యడమ్మా. నా పాత ఆకుపచ్చ శాలువా సగం చింపి బండి తుడుచుకోమని ఇచ్చాను. ఆ పోగులు దానివేనమ్మా."

"నాకు చెప్పకండి, నేను వినకూడదు. ఇదే మాట ఇప్పుడే మీ లాయరుతో చెప్పండి" అంది మా అత్తగారు. "మిగతా సగం ఉందా?"

"ఇంట్లో ఉందమ్మా."

"ఉతక్కండి." అని తలుపు వేసేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు జైల్లో ఉండి ఏడుస్తున్న మనిషితో ఉతుకుడు గురించి మాట్లాడతారా ఎవరైనా? "మీకు అసలు గుండె ఉందా అత్తయ్యా?" అని అడిగేశాను. ఆవిడ టేపు తీసుకుని భుజాలు అద్దుకోవడం మొదలుపెట్టింది. గోడకు చెప్పుకున్నా నయం.

జరిగిందంతా తన పైఅధికారికి ఆవిడే చెప్పిందని, లాయరు ద్వారా ఆ సగం శాలువా ఉతక్కుండా ప్రయోగశాలకు చేరిందని నాకు కోర్టులోనే తెలిసింది. నేను కోపంతోనే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

"మొదట మీరే ఒకటే అన్నారు కదా?" అన్నాడు పోలీసుల తరఫు లాయరు.

"ఒకటే రకం అన్నాను. 'రకం' దారిలో రాలిపోయింది. పరీక్ష పూర్తికాకుండా ఫోన్లో ఆ మాటైనా అనడం నా తప్పు."

"మరి ఇప్పుడేమంటారు?"

పోగుల్లోంచి రంగును చుక్క ద్రావకంతో బయటికి లాగి, పలక మీద పాకనిచ్చానంది. సిరా తడి కాగితం మీద పాకి విడిపోయినట్టు రంగులు విడిపోతాయట. ముసలావిడ శాలువా రంగు నీలం, పసుపుగా విడిపోయింది. బంపరు పోగుల్లో ఆ రెంటితో పాటు గోధుమరంగు మచ్చ కూడా తేలింది.

"బంపరు మీద పోగులు ఆ ముసలావిడ శాలువావి కావు" అంది, కుండ బద్దలుకొట్టినట్టు.

"అయితే డ్రైవరు భార్య శాలువావేనా?"

హాలంతా ఆవిడ నోటికేసి చూసింది. అనండి అత్తయ్యా, అవునని ఒక్కసారి అనండి అని లోపల్లోపల మొత్తుకున్నాను.

"తేడా కనిపించలేదు."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అదే చాలింది. డ్రైవరును వదిలేశారు. గుద్దిన బండి ఎవరిదో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాం మా ఇంటికి వచ్చారు. డ్రైవరు చేతులు జోడించి నిలబడ్డాడు. మా అత్తగారు అతని చొక్కా మీదున్న పోగు తీసి పక్కన పడేసింది. వెలుతురులో పెట్టి చూడలేదు.

"శాలువా తిరిగిచ్చారు. ఇక ఉతుక్కోవచ్చా అమ్మా?" అంది భార్య.

"ఉతుక్కోండి."

నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. డ్రైవరు భార్య గ్లాసు అందుకుంటూ, "మీ అమ్మాయా అమ్మా?" అని అడిగింది.

"కోడలు" అంది మా అత్తగారు. "అమ్మాయి వేరే ఊళ్ళో ఉంటుంది. ఇద్దరూ నాకు ఒకటే."

ట్రే పట్టుకుని అక్కడే నిలబడ్డాను. 'రకం' వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు.